మా ఇంటి స్కాట్లాండు

మా రక్తంలో స్కాట్లాండు ఉందని తెలిసిన రోజు మా తమ్ముడు మారేడ్‌పల్లిలో వాళ్ళ అపార్టుమెంటంతా బాదుషాలు పంచాడు. బోయిగూడలో ఉన్న నాకూ అమ్మకూ ఒక డబ్బా పంపించాడు. నేను దాన్ని తెరవకుండానే పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. తినబుద్ధి కాలేదు. 

జరిగింది ఇది. తమ్ముడి కొడుకు గచ్చిబౌలిలో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు. కొత్తది ఏది కనిపించినా తెప్పించుకునే జబ్బు వాడికి ఉంది. ఒక గొట్టం తెప్పించి, వాళ్ళ నాన్న చేత అందులో ఉమ్మించి, మూత బిగించి ఏదో కంపెనీకి పంపాడు. రెండు నెలలకు జవాబొచ్చింది. ఎనిమిదింట ఏడు వంతులు ఇక్కడిదే, ఒక వంతు స్కాట్లాండుది. అక్కడ ఒక పెద్దావిడ మనకు దూరపు చుట్టమవుతుందని ఆమె మెయిల్ అడ్రసు కూడా పంపారు. ఎనిమిదో వంతంటే లెక్క ఎక్కడికి పోయి ఆగుతుందో నాకు వెంటనే తెలిసింది. అది మా అమ్మమ్మ తండ్రి. మా ఇంట్లో అందరికీ తెలిసి ఎవరూ నోరెత్తని సంగతిని ఒక ఉమ్మి గొట్టం బయటపెట్టింది.

అమ్మమ్మవి పిల్లికళ్ళు, పెసల రంగు. బుగ్గల మీద గోధుమరంగు చుక్కలు. కాసేపు ఎండలో నిలబడితే ముఖం కందిపోయేది. మా నాన్న తొందరగా పోవడంతో నేనూ తమ్ముడూ పెరిగింది ఆమె ఇంట్లోనే, ఈ బోయిగూడలోనే. తాతకు కార్ఖానా బస్తీలో దర్జీ దుకాణం ఉండేది, పటాలాల వాళ్ళకు యూనిఫారాలు కుట్టేవాడు. అమ్మమ్మ కంటోన్మెంటులో ఏదో బంగళాలో ఆయాగా పనిచేసిన ఒక అవ్వ కూతురని పెళ్ళినాడు చెప్పారు. ఆ అవ్వ కన్నతల్లి కాదని, తెచ్చి పెంచుకున్నదని అందరికీ తెలుసు. అమ్మమ్మ కళ్ళు చూసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ కళ్ళకు మావాళ్ళు చేసిన మర్యాద నేను మరిచిపోలేదు. చుట్టాలు ఊరికి బయల్దేరేటప్పుడు ఆమె ఎదురొస్తే మళ్ళీ లోపలికి వచ్చి, కూచుని, మంచినీళ్ళు తాగి అప్పుడు కదిలేవాళ్ళు. మా పిన్నిని చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చిన రోజు, కన్నతల్లిని, పిల్లలమైన మాతో కలిపి వెనక గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశారు. పెళ్ళికూతురి తల్లి ఏదని వాళ్ళు అడిగితే జ్వరమని చెప్పారు. ఆమె ఆ గదిలో మాకు బియ్యంలో రాళ్ళు ఏరే పందెం పెట్టి సాయంత్రం దాకా నవ్విస్తూ కూచుంది. నేను గెలిచాను. అదొక ఆట అనుకున్నాను, అంత తెలివి నాది.

ఇప్పుడు ఆ కళ్ళే ఫారిన్ కళ్ళయ్యాయి. నా మరదలు, అంటే తమ్ముడి భార్య, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళ పిల్ల. ఆమె నాకు ఫోన్ చేసి, "వదినగారూ, మన బుజ్జిదాని కళ్ళు చూశారా అండీ, ఎండలో ఆ షేడ్ వస్తోంది. నేను మొదట్నించీ అంటూనే ఉన్నాను, మనవరాలిది మామూలు కళ కాదని," అంది. ఈమే కొత్తకోడలిగా వచ్చినప్పుడు అమ్మమ్మ తెచ్చిచ్చిన మంచినీళ్ళ గ్లాసు తీసుకుని, అటు తిరగగానే తొట్లో పారబోసింది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఇప్పుడు గుర్తుచేస్తే ఏం లాభమని మళ్ళీ ఊరుకున్నాను, కానీ ఫోన్ పెట్టేశాక చెవి కడుక్కోవాలనిపించింది.

తమ్ముడికి కావలసింది దొర. దొర పేరు, దొర ఊరు, ఇక్కడే ఎక్కడో ఉన్న దొర సమాధి, దాని ఫోటో. హాల్లో ఫ్రేమ్ కట్టించి పెడతాడట. ఇళ్ళు కట్టి అమ్ముకునే వ్యాపారం వాడిది. ఇంటికొచ్చేవాళ్ళకు చూపించుకోవడానికి వాడికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి.

అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. ఆమె ఆ బాదుషాల సంగతి వినగానే ఒకటే మాట అంది. "ఆ తెల్లోడు నాకెందుకు బిడ్డా. వాడి పేరు మీ తమ్ముడికియ్యి. మా అమ్మమ్మ పేరేందో నాకు పట్టుకురా. ఈ పెత్రమాసకన్నా పేరు వెట్టి బియ్యం ఇద్దాం."

పెత్రమాస అంటే భాద్రపదం చివరి అమావాస్య. ఆ రోజు పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. పేరు చెబితేనే అది వాళ్ళకు చేరుతుంది. అమ్మమ్మ ప్రతి ఏడూ అత్తకూ మామకూ పెంచిన అవ్వకూ పేరుపేరునా ఇచ్చాక, పళ్ళెంలో ఇంకో గుప్పెడు పోసేదట. అది ఎవరికని అయ్యగారు అడిగితే పలికేది కాదట. అమ్మమ్మ పోయాక ఆ గుప్పెడు అమ్మ పోస్తూ వచ్చింది. ఇన్నేళ్ళుగా పేరు లేకుండా పోసిన బియ్యం ఎటు పోయిందోనని ఆమెకు దిగులు. "నేను పోతే ఆ గుప్పెడు సుత ఉండదు. మా అమ్మను కన్నది బిడ్డా, ఒక్కసారన్న తిననియ్యి," అంది.

నేను సరేనన్నాను. వెతకడం నాకు రాకపోతే ఎవరికి వస్తుంది? ముప్పై నాలుగేళ్ళు పురపాలక కార్యాలయంలో జననాలూ మరణాలూ రాసిన గుమస్తాను. రిజిస్టరు వాసన చూసి ఎన్నేళ్ళదో చెప్పగలను. పెత్రమాసకు ఇంకా నాలుగు నెలలుంది.

ముందు స్కాట్లాండు ఆవిడకు రాశాను. ఆమె రిటైరైన నర్సు, నాకంటే పదేళ్ళు పెద్దది. ఆదివారాలు చర్చి దొడ్లలో తిరుగుతూ పాత సమాధి రాళ్ళు చదవడం ఆమెకు కాలక్షేపం. మూడో రోజుకే జవాబిచ్చింది. వాళ్ళ తాతకు ఒక అన్న ఉండేవాడట, సైన్యంలో చేరి సికింద్రాబాదు వచ్చి, ఇక్కడే పోయాడట. ఆయన తప్ప ఆ ఇంట్లో ఈ దేశం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన పేరు, పుట్టిన ఊరు, వాళ్ళ ఊరి చర్చి రిజిస్టరులో ఆయన బాప్తిస్మం రాసిన పేజీ, వాళ్ళ పెద్దల సమాధుల ఫోటోలు అన్నీ పంపించింది.

తమ్ముడు ఆ పేజీ చూసి మురిసిపోయి, "అక్కా, వాళ్ళకు కోట గిట్ల ఉండెనా అడుగు," అన్నాడు. అడగను పొమ్మన్నాను. వాడే అడిగాడు. కోట లేదు, ఆ దొర తండ్రి ఇంకొకరి పొలంలో పాలేరు, తాత నేతగాడు, వాన వస్తే కారే ఒంటిగది ఇల్లని ఆవిడ ఎంతో ప్రేమగా జవాబు రాసింది. తమ్ముడి ముఖం మాడిపోయింది. "పాలేరా?" అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు. వారం తిరిగేసరికి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వాళ్ళు భూస్వాములైపోయారు. ఇదేమిటిరా అంటే, "పొలంలనే ఉండిరి గదా అక్కా," అన్నాడు. సిగ్గనేది వాడికి కానుకగా ఇద్దామన్నా పుచ్చుకోడు.

ఆ కాగితాల్లో నన్ను పట్టి ఆపింది వేరే. ఆడవాళ్ళ పేర్లు. ఆరు తరాలు వెనక్కి పోయినా, పాలేరు భార్య కానీ నేతగాడి తల్లి కానీ, ప్రతి ఆడమనిషికీ తన పేరు ఉంది, తన పుట్టింటి ఇంటిపేరు ఉంది. మొగుడి పక్కన పాతిపెట్టిన రాయి మీద కూడా పుట్టింటి ఇంటిపేరే. ఇది మీ ఇంటి పద్ధతా అని అడిగితే, కాదు, మా దేశంలో అంతే, రాయి చెక్కేవాడు ముందు అదే అడుగుతాడు అని రాసింది. పెళ్ళికాకుండా బిడ్డను కన్న ఒకామెను చర్చి పెద్దలు పిలిపించి, జనం ముందు పీట మీద కూచోబెట్టి, మూడు ఆదివారాలు తిట్టారట. ఆ తిట్లు కూడా పుస్తకంలో రాసి పెట్టారు. చదువుతుంటే ఛీ అనిపించింది. కానీ ఆమె పూర్తి పేరు ఉంది.

ఉత్తరం చివర ఆవిడ ఒక ప్రశ్న వేసింది. మీ అమ్మమ్మ తల్లి పేరేమిటి, మా వంశవృక్షంలో ఆయన పక్కన రాసుకుంటాను అని. నూరేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి బయటి మనిషి ఆమె. మావాళ్ళు ఒక్కరు అడగలేదు. తెలుసుకుని చెబుతానని రాసి, కంప్యూటర్ మూసేశాను.

తర్వాత సమాధి వేట. కంటోన్మెంటులో పాత తెల్లవాళ్ళ శ్మశానం ఒకటి ఉంది. తమ్ముడూ మరదలూ కారులో వచ్చారు. మరదలు కారు దిగలేదు. దిగకపోవడమే మంచిదైంది, గేటు నుంచి పది అడుగుల దాకా గోడంతా ఉచ్చ కంపు. తమ్ముడు సెంటు చల్లిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వెనక నడిచాడు. నేను చీపురు, రెండు సీసాల నీళ్ళు, ఒక కవరులో ముగ్గుపిండి తీసుకుని వెళ్ళాను.

నా జన్మలో అంత రోత చోటు చూడలేదు. బల్లపరుపు సమాధి మీద నలుగురు పేకాడుతున్నారు. చదువుకోవాలి కాస్త జరగండి నాయనా అంటే ఒకడు కాలు మాత్రం ఎత్తాడు. ఎక్కడ చూసినా పాన్ ఉమ్ములు, బీరు సీసాలు, తిని పారేసిన బిర్యానీ పొట్లాలు. పాలరాతి పలకలు ఎప్పుడో ఎత్తుకుపోయారు. మిగిలిన రాళ్ళలో సీసంతో పోసిన అక్షరాలను కూడా గునపంతో పెకిలించుకుపోయారు. దొరల మీద కసితో చేశారంటే ఒక దండం పెట్టి ఊరుకుందును. కసీ లేదు, కోపమూ లేదు. తూకానికి అమ్ముకున్నారు, అంతే. ఒక చంటిపిల్ల సమాధి మీద ఎవడో తన ప్రియురాలి పేరు ఎర్రరంగుతో రాసి గుండె బొమ్మ గీశాడు.

మూడోసారి ఇద్దరం వెళ్ళినప్పుడు దొరికింది. వెల్లకిలా పడి, సగం మట్టిలో కూరుకుపోయిన రాయి. దాని మీద కట్టెలు కొట్టుకున్న గాట్లు. కడిగి, ఆరనిచ్చి, ముగ్గుపిండి చల్లి అరచేత్తో మెల్లగా రుద్దాను. పిండి గుంటల్లో నిలిచి అక్షరాలు ఒక్కొక్కటీ తెల్లగా లేచాయి. పేరు కలిసింది, ఊరు కలిసింది. జ్వరంతో ముప్పై ఒకటో ఏట పోయాడు, తోటి సిపాయిలు రాయి వేయించారు. పేరు కింద ఇంకో వరస ఉంది. ఫలానా ఆమెకు ప్రియమైన భర్త అని. ఆమె పేరూ, ఆమె పుట్టింటి ఇంటిపేరూ. స్కాట్లాండులో పెళ్ళాన్ని పెట్టుకుని వచ్చిన మనిషన్నమాట.

తమ్ముడు ఫోన్ తీసి, ఆ వరస చదివి ఆగిపోయాడు. "అక్కా, ఆ కింది లైన్ల పిండి జెర తుడిచెయ్. పేరొక్కటి పడితే సాలు. వైఫ్ గిఫ్ అని ఉంటే అందరు అడుగుతరు."

"అడగనీ."

"పరేషాన్ చెయ్యకక్కా. మా అత్తగారోళ్ళు సుత చూస్తరు."

నేను కదలకపోయేసరికి వాడే వంగి, ఆ సెంటు రుమాలుతో వరసంతా తుడిచేసి, సమాధి పక్కన ఒక మోకాలి మీద కూచుని సెల్ఫీ తీసుకున్నాడు. దగ్గరలో పేకాడేవాళ్ళు కూడా ఆట ఆపి చూశారు. ఆ క్షణం వాడు నా తోడబుట్టినవాడని చెప్పుకోవడానికి నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆ సిపాయి మీద కూడా నాకు జాలి కలగలేదు. అక్కడొక ఆడదానికి ప్రియమైన భర్త, ఇక్కడొక ఆడదానికి ఏమిటో రాయి చెప్పదు. ప్రేమో, జీతమో, బలవంతమో నాకు తెలియదు. తెలియనిదాన్ని అందంగా రాసే అలవాటు నాకు లేదు.

ఇక మిగిలింది చర్చి రిజిస్టరు. కంటోన్మెంటులో ఒక పాత చర్చి గుమస్తా, మెత్తని మనిషి, నేను కూడా ఒకప్పుడు గుమస్తానే అని తెలిశాక, వాళ్ళ ఫాదర్‌ను అడిగి బీరువా తీశాడు. రెండు శుక్రవారాలు కూచుని చూశాను. చెదలు తిన్న అంచులు, వెండిపురుగుల పొడి, చేతికి అంటుకునే మగ్గిన వాసన. రెండో శుక్రవారం మధ్యాహ్నం అమ్మమ్మ దొరికింది. ఆమెకు ఒక ఇంగ్లీషు పేరు ఉండేదని అప్పుడే తెలిసింది. తండ్రి పేరు, హోదా, పటాలం అన్నీ ఒంపులు తిరిగిన నల్లసిరా అక్షరాలు. తల్లి పేరు రాయవలసిన చోట రెండే మాటలు: నేటివ్ ఉమన్.

అదే పేజీలో ఇంకా ఎనిమిది మంది పిల్లలున్నారు. ఆ ఎనిమిది మందికీ తల్లుల పేర్లున్నాయి. ఈ ఊరి ఆడది కన్న ఒక్క బిడ్డకే లేదు. ఆరు తరాలు ఆడవాళ్ళ పుట్టింటి పేర్లు కూడా వదలకుండా రాసుకున్న జాతి, పెళ్ళికాకుండా కన్నదాన్ని తిట్టడానికైనా పేరు రాసిన జాతి, సికింద్రాబాదు వచ్చేసరికి కలం మూసింది. నేను ముప్పై నాలుగేళ్ళు గళ్ళు నింపినదాన్ని. పేరు తెలియక రాయని చోటుకూ, అడగకుండా రాసిన చోటుకూ తేడా నాకు కనిపిస్తుంది. తెలియనప్పుడు కలం ఆగుతుంది, ఆగిన చోట సిరా చిక్కబడుతుంది. ఇక్కడ ఎక్కడా ఆగలేదు. బిడ్డను ఎత్తుకుని ఆ మనిషి ఆ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. తల ఎత్తి నీ పేరేమిటమ్మా అంటే చెప్పేది. ఆ పాదిరీని బోయిగూడ దాకా తిట్టుకుంటూ వచ్చాను. ఆటోవాడు అద్దంలో నన్ను రెండు మూడుసార్లు చూశాడు.

అమ్మకు చెప్పలేకపోయాను. దొరికిందా బిడ్డా అని రోజూ పొద్దున అడిగేది. ఇంకా చూస్తున్ననే అనేదాన్ని. చర్చి వాళ్ళ దగ్గర ఇంకో బీరువా ఉంది, స్కాట్లాండులో ఇంకో దస్త్రం ఉంది అని నాకు నేనే చెప్పుకుంటూ రోజులు నెట్టాను. అలా నెడుతుండగానే పెత్రమాస వచ్చింది.

తమ్ముడు ఆ రోజు పొద్దున్నే దిగాడు. ఒక చేతిలో సమాధి ఫోటో, బంగారురంగు ఫ్రేములో, కింది వరస లేకుండా. ఇంకో చేతిలో ఒక స్కాచ్ సీసా. "పెద్దలకు ఇష్టమైంది పెట్టాలె గదా," అన్నాడు. కల్లు, మాంసం పెట్టే ఇళ్ళు మాలో ఉన్నాయి, దాన్ని నేను తప్పుపట్టను. కానీ బతికి ఉన్న అమ్మమ్మకు టీ గ్లాసు కూడా విడిగా పెట్టిన ఇంట్లో, ఆమె ముఖం కూడా చూడని వాడికి ఆ సీసా పెట్టడం చూస్తే నాకు అసహ్యమేసింది. తమ్ముడు ఫ్రేముకు దండ వేశాడు. మరదలు బొట్టు పెట్టింది.

అయ్యగారు ఆ రోజు ఇంకా తొమ్మిది ఇళ్ళకు తిరగాలి. ఫోన్ చూసుకుంటూ త్వరత్వరగా కానిస్తున్నాడు. "గోత్రం?" అన్నాడు.

"స్కాట్లాండ్ అని పెట్టుండ్రి," అన్నాడు తమ్ముడు.

"దేశం పేరు గోత్రానికి రాదు సార్. తెల్వనోళ్ళకు కాశ్యప గోత్రం అంటం. అదే అందాం."

అలా ఆ సిపాయి మా బోయిగూడ హాల్లో కాశ్యప గోత్రీకుడయ్యాడు. ఆ పేరును అయ్యగారు నాలుగు విధాలుగా పలికాడు. తమ్ముడు ప్రతిసారీ భక్తిగా తల ఊపాడు.

తర్వాత అమ్మ వంతు. మోకాళ్ళు నొప్పులు పెడుతున్నా కుర్చీ వద్దని, పళ్ళెం ముందు చాప మీద కూచుంది. తాత పేరు, అమ్మమ్మ పేరు, మా నాన్న పేరు, పెంచిన అవ్వ పేరు చెప్పి, గుప్పిట్లో బియ్యం పట్టుకుని ఆగింది.

"ఇంక ఎవరున్నరమ్మా?" అన్నాడు అయ్యగారు.

"మా అమ్మమ్మ."

"పేరు?"

అమ్మ నావైపు తిరిగింది. "చెప్పు బిడ్డా."

"దొరకలేదమ్మా," అన్నాను. "చర్చి బుక్కుల రాయలేదు వాళ్ళు. అడగనే లేదు."

అమ్మ నాకేమైనా మతి పోయిందా అన్నట్టు చూసింది. "చర్చి బుక్కుల ఎందుకుంటది? నీ బుక్కుల ఉంటది గదా. నువ్వే రాసినవు. ఏ బుక్కుల రాసినవో యాదికి లేక తిరుగుతున్నవనుకున్న ఇన్ని దినాలు."

నాకు అర్థం కాలేదు. అమ్మ గుప్పిట విప్పకుండానే చెప్పుకొచ్చింది. "నువ్వు కొత్తగ నౌకరీల చేరినప్పుడు మా అమ్మ నీ ఆఫీసుకు రాలే? ఇంట్ల ఆ పేరు ఎత్తనని వాళ్ళ అత్తకు ఒట్టేసింది. పిల్లల మీద ఒట్టు, ఆ భయానికే నేను సుత ఇన్నేండ్లు నిన్ను అడగలే. నీ ఆఫీసు ఇల్లు కాదు గదా, అందుకే ఆడికి వచ్చి నీకు చెప్పింది. ఆనాడు ఇంటికొచ్చి నాతోటి అన్నది, మా అమ్మ పేరు రాయించిన, మనవరాలు పెద్ద బుక్కుల రాసింది, ఇగ ఎవ్వరు తుడవలేరని. అంత సంబురం ఆమె ముఖంల నేనెన్నడు చూడలే."

అప్పుడు గుర్తొచ్చింది. ఎంత గుర్తొచ్చిందంటే, ఆమె కట్టుకున్న చీర అంచుతో సహా. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. కౌంటరు దగ్గర వరస. వరసలో అమ్మమ్మ, చంకలో గొడుగు. హాల్లో అందరూ ఆ కళ్ళనే చూస్తున్నారు. పక్క సీటు ఆమె నా చెవిలో, ఎవరే ఈ ఆంగ్లో ఇండియన్, నిన్నే చూస్తోంది అంది. మా వాడకట్టు ముసలామె అన్నాను. అమ్మమ్మ కౌంటరు మీదికి వంగి, మా అమ్మ పేరు మీ బుక్కుల రాయి బిడ్డా అని, గొంతు తగ్గించి ఆ పేరు చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. ఆమెను తొందరగా పంపించెయ్యాలని ఒక చెడిపోయిన ఫారం వెనక్కి తిప్పి, దాని మీద నా సంతకం గీశాను. రాసిన, ఇగ పో అన్నాను. పెద్ద బుక్కులనేనా అని అడిగింది. ఆఁ, పెద్ద బుక్కులనే. ఆమె నా చెయ్యి ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది. ఆ కాగితం ఉండచుట్టి బుట్టలో వేశాను.

ఆ పేరుకు ఎన్ని అక్షరాలో కూడా నాకు తెలియదు. నాలుగు నెలలుగా తమ్ముణ్ణి, మరదల్ని, పాదిరీని, శ్మశానంలో పేకాడేవాళ్ళను అసహ్యించుకుంటూ తిరిగినదాన్ని, నా మీద నాకు పుట్టిన రోతను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల దించుకున్నాను.

"రాయలేదమ్మా," అన్నాను. "రాసినట్టు చెయ్యి ఆడించిన. ఆమె ఏం చెప్పిందో సుత వినలేదు."

  అయ్యగారు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. 

"ఆ సంగతి మా అమ్మకు తెల్వదు గద?" అంది అమ్మ, పళ్ళెం వంక చూస్తూ.

"తెల్వదు."

"రాసిందనే పోయింది గద?"

"అవునమ్మా."

"అయితే మంచిదే," అంది, గుప్పిట్లోని బియ్యాన్ని మెల్లగా పళ్ళెంలోకి వదిలేస్తూ. అయ్యగారు మూట కట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయాడు. కింద కూచుంటే అమ్మ ఒంటరిగా లేవలేదు. ఇన్నేళ్ళుగా రోజూ లేపేది నేనే. నేను ముందుకు వంగాను. అమ్మ నన్ను దాటి తమ్ముడి వైపు చెయ్యి చాచింది.